జాన్ బాషా మామ ఆడసింహం

చైనా దేశపు ఆడసింహానికి పాలు పడేలా చేసిన మొనగాడు ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. ఆయన మా జాన్ బాషా మామ. చీమకుర్తి రోడ్డులో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీ వెనక, రేకుల పంచ కింద కూర్చుని ఉంటాడు. అనుమానం ఉన్నవాళ్లు వెళ్లి అడగొచ్చు. అడిగితే ఒప్పుకోడు, అది వేరే సంగతి.

ఆయన తాతలు దూది ఏకినవాళ్లు. మామ చేతికి మాత్రం రాయి దక్కింది. ముప్పై ఏళ్లుగా సమాధి రాళ్ల మీద శిలువలు, ద్రాక్షతీగలు చెక్కుతున్నాడు. ఆ ద్రాక్షపళ్లను పొడిచి ఎన్ని కాకులు ముక్కులు విరగ్గొట్టుకున్నాయో లెక్కలేదు. ఒంగోలు చుట్టుపక్కల ముక్కు విరిగిన కాకి కనిపిస్తే అది మామ పనే.

రెండేళ్ల కిందట ఆ పనికే ఎసరు వచ్చింది. ఫ్యాక్టరీ యజమాని ప్రసన్నకుమార్ గారు శిలువలు కూడా మిషనుతోనే చెక్కిద్దామని చూస్తున్న రోజులవి. అప్పుడే, ఏటా నల్లరాయి కొనడానికి చైనా నుంచి వచ్చే లియాంగ్ గారు తమ ఊరి గుడి వాకిట్లోకి రెండు సింహాలు కావాలని ఫోటో పంపారు. చేత్తోనే చెక్కాలన్నారు.

"ఇవి ఆయనకి నచ్చితే నీ పంచ ఉంటది బాషా. నచ్చలేదో, ఈ చోట్లో మిషను పెడతా," అన్నారు ప్రసన్నకుమార్ గారు.

ఫోటోలో మగసింహం కాలి కింద బంతి ఉంది. ఆ బంతి లోకమట, దాన్ని అది కాస్తుందట. ఆడసింహం కాలి కింద వెల్లకిలా పడ్డ పిల్ల ఉంది. అది ఇంటినీ సంతానాన్నీ కాస్తుందట. ప్రసన్నకుమార్ గారు ఫోన్‌లో వెతికి ఇదంతా చదివి వినిపించారు.

మగదాన్ని మామ నలభై రోజుల్లో ముగించాడు. జూలు రింగులు అప్పుడే ఏకిన దూది పింజల్లా ఉన్నాయి. మెత్తగా ఉంటుందని నేను తల వాల్చాను. బొప్పి కట్టింది.

ఆడదాని దగ్గర ఉలి ఆగిపోయింది.

"కన్నతల్లి పిల్ల మొహం మీద కాలేసి తొక్కుద్దా అండీ?" అన్నాడు మామ.

"ఫోటోలో ఉంది కదయ్యా. ఉన్నట్టు చెక్కు."

"ఉన్నట్టే చెక్కుతా. తొక్కినట్టు మాత్రం చెక్కను."

వారం రోజులు ఆ కాలికీ పిల్లకీ మధ్య రాయిని ముట్టుకోలేదు. ఒక రోజు మధ్యాహ్నం అన్నానికి ఇంటికెళితే, రసూల్‌బీ అత్త ఒక తల్లిలేని మేకపిల్లను ఒళ్లో వెల్లకిలా వేసుకుని, పాలల్లో వేళ్లు ముంచి చీకిస్తోంది. మామ కంచం పక్కన పెట్టి దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

"ఏందయ్యా, ఎప్పుడూ మేకపిల్లని చూడనట్టు?"

"చెయ్యి తియ్యబాక. అట్టాగే ఉంచు."

మర్నాటి నుంచి మామ ఉలి కింద ఆడసింహం పాదం కాస్త పైకి లేచింది. పిల్ల నోరు తెరిచి తల్లి అరికాలిని చీకుతోంది. అది చూసి ప్రసన్నకుమార్ గారు తల పట్టుకున్నారు. చెక్కేసిన రాయి మళ్లీ అతకదు కదా.

చలికాలంలో లియాంగ్ గారు వచ్చారు. సింహాల చుట్టూ మూడుసార్లు తిరిగి, వీపు మీద ఎత్తుగా ఉన్నచోట చెయ్యి పెట్టారు. పుట్టినప్పటి నుంచీ ఒంగోలు గిత్తలను చూసిన మామ చేతిలో రెండు సింహాలకూ మూపురాలు వచ్చేశాయి. మామ తల దించుకున్నాడు. లియాంగ్ గారు మోకాళ్ల మీద కూర్చుని, ఆడసింహం పాదం కింద వేలు దూర్చారు. చాలాసేపు తియ్యలేదు. తర్వాత ఆయన ఫోన్‌తో ఏదో చెబితే, ఫోన్ దాన్ని తెలుగులో చదివింది:

"ఆడసింహం పాలు పాదంలో ఉంటాయని మా నాయనమ్మ చెప్పేది. ఇప్పుడు చెక్కేవి పిల్లను తొక్కుతున్నట్టే ఉంటాయి. ఈయనకు ఎవరు చెప్పారు?"

"మేక," అన్నాడు మామ.

ఫోన్ దాన్ని ఏమని చెప్పిందో గానీ, లియాంగ్ గారు పెద్ద గురువుగారి పేరు విన్నట్టు తల వంచారు.

మూపురాలు మాత్రం అరగదీయించారు. సింహాలు ఓడెక్కాయి. మిషను రాలేదు, పంచ అక్కడే ఉంది. ఆ గుడి వాకిట్లో పొద్దున్నే జనం చెంబులతో బారులు తీరుతున్నారనీ, ఆ ఊళ్లో టీ అంతా ఆ పాలతోనేననీ నేను అందరికీ చెబుతున్నాను. మొన్న మామ ముందే ఎవరికో చెబుతుంటే, ఆయన ఉలి ఆపకుండానే అన్నాడు:

"పాలూ లేవు, పాడూ లేదు. కాలి కింద వేలు పట్టేంత సందు వదిలా. అంతే."