అందినట్టు చూపించిన మందులు

హైటెక్ సిటీలో నేను కూర్చుని చేసిన పని ఆఫ్రికాలోని ఒక పేద దేశం కోసం. అక్కడి ప్రభుత్వ ఆసుపత్రులకు మందులు చేరాయో లేదో చూపించే సాఫ్ట్‌వేర్ మా కంపెనీదే. ఏదైనా ఇబ్బంది వస్తే ఆసుపత్రుల వాళ్లు ఫోన్ చేసేవారు, నేను ఎత్తేదాన్ని. బోరబండలో కిరాయి గదిలో ఒక్కదాన్నే ఉండే నాకు రోజు మొత్తంలో దొరికే మాటలు ఎక్కువగా ఆ ఫోన్లలోవే.

ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో మందులిచ్చే ఆవిడ తరచూ చేసేది. ఇన్సులిన్ అందినట్టు కంప్యూటర్ చూపిస్తోందని, తన దగ్గర మాత్రం లేదని ఆవిడ ఫిర్యాదు. తప్పు మా ప్రోగ్రాంలోనే ఉందనుకుని వెతికాను. లేదు. లారీ కదలకముందే రాజధానిలో మందులు సరఫరా చేసే కాంట్రాక్టర్ మనిషి ‘అందింది’ అని నొక్కేస్తున్నాడు. అక్కడి అధికారులు తమ వాటా తీసుకుని ఊరుకుంటున్నారని ఆవిడే చెప్పింది. ఒకరోజు వీడియో కాల్ చేసి ఫ్రిజ్ తెరిచి చూపించింది. లోపల ఒక నీళ్ల సీసా, ఆవిడ అన్నం డబ్బా. వెనక బల్ల మీద ఒక తండ్రి కూతుర్ని ఒళ్లో పడుకోబెట్టుకుని కూర్చున్నాడు.

మా మేనేజర్‌కు అంతా వివరించాను. ఆయన చెడ్డవాడు కాదు. తలుపు దగ్గరికి వేసి చెప్పాడు.

“గా కాంట్రాక్టరే మనకీ పని ఇప్పిచ్చిండమ్మా. సాఫ్ట్‌వేర్ మంచిగ నడుస్తుందా లేదా, మనం గంతే చూడాలె. ఇగ ఈ ఫిర్యాదు క్లోజ్ చెయ్యి.”

చెయ్యలేదు. పైవాళ్లకు రాశాను. కొన్నాళ్లకు జవాబుగా మా టీంకు కొత్త పని వచ్చింది. ఆసుపత్రుల తెర మీంచి ఫిర్యాదు బటన్ తీసేయాలి, ఫోన్ లైను ఆపేయాలి. నావల్ల కాదన్నాను. పక్క సీటతను ఒక్క పూటలో చేసేశాడు.

లైను ఆగేముందు ఆవిడకు సంగతి చెప్పాను. ఆ పాప ఎలా ఉందని అడిగాను. తండ్రి పట్నం తీసుకెళ్లాడని, ఆ తర్వాత ఏమైందో తెలియదని చెప్పింది. “ఇందులో నీ తప్పు లేదని తెలుసు. కానీ ఇన్నాళ్లూ మా మాట విన్నది నువ్వొక్కదానివే” అంది.

ఫిర్యాదులు పూర్తిగా తగ్గిపోయాయని ఆ టీంకు మెచ్చుకోలు దక్కింది. కేక్ కోశారు. అప్పటికే నన్ను వేరే ప్రాజెక్టుకు మార్చారు, భోజనానికి పిలవడం కూడా మానేశారు. అయినా ఎవరో ఒక ముక్క తెచ్చి నా టేబుల్ మీద పెట్టి వెళ్లారు. తినలేకపోయాను.

ఆ సాయంత్రం లోకల్ రైలులో ఆవిడ గురించి ఎవరికైనా చెప్పుకోవాలని ఫోన్‌లో పేర్లన్నీ చూస్తూ పోయాను. ఎవరికి చేసినా ముందు ఆవిడెవరో చెప్పుకురావాలి. ఫోన్ సంచిలో వేసుకుని బోరబండలో దిగాను.