పలకని స్పీచ్ కార్డు

అది తొంభై ఏడో సంవత్సరం. సింగపూర్‌లో ఎక్కడ చూసినా కంప్యూటర్ల మాటే. నేను ఒక కంప్యూటర్ షాపులో పని చేస్తున్నాను. మొదట దుమ్ము తుడవడానికి పెట్టుకున్నారు. నా చెయ్యి కుదురైనదని చైనీస్ బాస్ స్క్రూడ్రైవర్ ఇచ్చి విప్పడం, బిగించడం నేర్పాడు. నేను చదివింది అయిదో తరగతి. ఇలా కూర్చుని రాయడం ఇదే మొదటిసారి, తడబడితే ఏమీ అనుకోకండి.

ఒక శనివారం పొద్దున హౌగాంగ్ అనే పేట నుంచి సత్యం అనే ఆయన ఫోన్ చేశాడు. పక్కింటి కుర్రాడితో కొత్త కార్డు పెట్టించాను, కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టడం లేదు అన్నాడు. రత్నం అని నా పేరు చెప్పగానే ఇంగ్లీషు వదిలి తెలుగులోకి వచ్చేశాడు. వాళ్లది మలేషియాలో పుట్టి పెరిగి, పని కోసం ఇటు వచ్చిన తెలుగు కుటుంబం. బాస్ నన్నే వెళ్లమన్నాడు.

తలుపు తీసింది వాళ్లమ్మ సూరమ్మ గారు. నన్ను కింద నుంచి పైకి చూసింది.

"ఆడపిల్లవి, నువ్వేనేటి కంప్యూటర్ బాగుసేసేది?"

"నేనే పెద్దమ్మా."

"అయితే ముందు మకాన్. తిన్నాకే పని."

మకాన్ అంటే ఇక్కడ భోజనం. ముందు పని చూస్తానని చెప్పి గదిలోకి వెళ్లాను. సత్యం కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్లుంటాయి. నా వైపు తల తిప్పకుండానే, "కుర్చీ నీ ఎడం చేతి వైపు ఉంది, కూర్చో" అన్నాడు. ఆయనకు చూపు లేదని అప్పుడు తెలిసింది.

జబ్బు చేసి కళ్లు పోయాయట. దాంతో ఆఫీసు ఉద్యోగమూ పోయింది. ఇన్నాళ్లకు ఒక కంపెనీ వాళ్లు ఇంట్లోనే ఉండి ఉత్తరాలు టైపు చేసే పని ఇస్తామన్నారు. సోమవారం పొద్దున వాళ్ల మేనేజర్ ఇంటికొచ్చి, ఎవరి సాయం లేకుండా చేయగలడో లేదో చూస్తాడు. స్పీచ్ కార్డు అనేది తెర మీద ఉన్న అక్షరాలను పైకి చదివి వినిపిస్తుంది. చూపు లేనివాళ్లకు అదే కన్ను. విదేశం నుంచి తెప్పించుకున్నాడు. మా షాపుల్లో అలాంటిది ఇంకొకటి దొరకదు. ఆయన ప్రోగ్రాం మామూలు సౌండ్ కార్డుతో మాట్లాడదు కూడా.

"ఇది పలక్కపోతే నాకు ఈ కంప్యూటర్ టీవీ పెట్టె లాంటిది లా. అదీ సౌండ్ రాని టీవీ," అని నవ్వాడు, ఇక్కడివాళ్లలా మాట చివర 'లా' చేర్చి. నాకు నవ్వు రాలేదు.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. కంప్యూటర్ లోపల మదర్‌బోర్డు అనే పెద్ద పలక ఉంటుంది. దాని మీద స్లాట్లు, అంటే సన్నటి పొడుగు సందులు ఉంటాయి. కంప్యూటర్‌కు కొత్త పని నేర్పాలంటే ఆ పనికి తగ్గ కార్డు తెచ్చి స్లాట్‌లో గుచ్చుతాం. కార్డు అంచున దువ్వెన పళ్లలా బంగారు రంగు గీతలుంటాయి. వాటిని గోల్డ్ ఫింగర్స్ అంటాం. అవి స్లాట్ లోపలి తీగలకు తగిలితేనే కంప్యూటర్‌కు కార్డు ఉన్న సంగతి తెలుస్తుంది.

కంప్యూటర్ ఆన్ చేశాను. స్పీచ్ కార్డు దొరకలేదని తెర మీద వచ్చింది. కార్డు సరిగ్గా దిగలేదేమోనని తీసి మళ్లీ నొక్కాను. దొరకలేదు. పక్క స్లాట్‌లోకి మార్చాను. అక్కడా అంతే. కంప్యూటర్ ఒక్కో కార్డుకి ఒక్కో నంబరు ఇస్తుంది. ఒకే నంబరు కోసం రెండు కార్డులు కొట్టుకుంటే కూడా ఇలా అవుతుంది, అది కూడా చూశాను. చివరికి నేను తెచ్చిన మామూలు సౌండ్ కార్డు అదే స్లాట్‌లో పెడితే వెంటనే దొరికింది. అంటే స్లాట్ బాగానే ఉంది. తప్పు కార్డుదే.

"అన్నా, కార్డే పోయినట్టుంది."

"ఇంకోటి తెప్పిస్తే?"

"వస్తుంది. కానీ సోమవారానికి రాదు."

ఆయన కార్డును చేతిలోకి తీసుకుని కాసేపు పట్టుకున్నాడు. "వాళ్ల దగ్గర ఇంకో మనిషి కూడా రెడీగా ఉన్నాడు, కళ్లున్నవాడు. నెవర్ మైండ్ లా," అన్నాడు. గుమ్మంలో నిలబడ్డ సూరమ్మ గారు వెళ్లి కంచం పెట్టింది.

తినాలనిపించలేదు. కానీ ఆ పెద్దావిడ మాట కాదనలేక చేతులు కడుక్కోవడానికి వెళ్లాను. సబ్బు రుద్దితే నురగ ఎర్రగా అయింది. కార్డు అంచు గీసుకుని రక్తం వస్తోందనుకున్నాను. కడిగి చూస్తే ఎక్కడా గాయం లేదు. పసుపు అంటిన చేతికి సబ్బు తగిలితే అలా ఎర్రబడుతుందని వంటింట్లో మసిలే ఆడదానికి చెప్పక్కర్లేదు. కానీ ఆ రోజు నేను పసుపు ముట్టుకోలేదు. ముట్టుకున్న కొత్త వస్తువల్లా ఆ కార్డే.

తడి చేతులతోనే వచ్చాను. "పెద్దమ్మా, ఈ కార్డుకి పూజ చేశారా?"

"సెయ్యకుండా ఎలాగమ్మా? కొత్త వస్తువు. నిన్న శుక్రవారం కూడాను. ఆ బంగారం అంచు ఉంది సూడు, దానికి గడపకి రాసినట్టు పసుపు బాగా పట్టించేను. ఆరేక బిగించమని పక్కింటి కుర్రాడికిచ్చేను." నా ముఖం చూసి ఆగిపోయింది. "ఏటి? నానే పాడుసేసీసినానా?"

"అమ్మా! వై యూ లైక్ దట్?" ఎందుకిలా చేశావని సత్యం గొంతు లేచింది.

ఆవిడ అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. "నీ కళ్లు పోయినప్పుడు నా సేతిలో ఏటీ లేకపోయింది నాయనా. ఇదైనా సేద్దామని రాసేను."

సత్యం కుర్చీ ఇటు తిప్పాడు. తల్లి గొంతు వచ్చిన వైపు చెయ్యి చాపాడు.

"పాడవలేదు పెద్దమ్మా, పైన పొర కట్టింది, అంతే," అన్నాను. బంగారు రంగు మీద ఆరిన పసుపు కంటికి ఆనలేదు. సంచిలోంచి పెన్సిల్ రబ్బరు తీసి గోల్డ్ ఫింగర్స్ మీద మెల్లగా రుద్దాను. రబ్బరు పొడి పచ్చగా రాలింది. తర్వాత స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, కార్డు గుచ్చాను. స్విచ్ వేశాను.

"రెడీ," అంది కంప్యూటర్, ముక్కుతో మాట్లాడినట్టు.

"ఓలమ్మో, మగోడి గొంతు!" అంది సూరమ్మ గారు.

సత్యం వేళ్లు కీబోర్డు మీద పరుగెత్తాయి. వాళ్లమ్మ పేరు కొట్టాడు. కంప్యూటర్ దాన్ని 'స్యూరామా' అని చదివింది.

"ఇంత డబ్బు పోసి కొంటే నా పేరు పలకడం రాదేటి దీనికి?" అంటూ ఆవిడ నవ్వేసింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "మరి ఇంక పసుపు ఎక్కడ రాయమంటావమ్మా?"

కంప్యూటర్ బయటి ఇనప డబ్బా చూపించాను. "ఇక్కడ రాయండి, ఎంతైనా ఫరవాలేదు. లోపల మాత్రం వద్దు." అప్పటికప్పుడే రాసి, బొట్టు కూడా పెట్టింది. ఆ తర్వాత ముగ్గురం కలిసి తిన్నాం.

సోమవారం మధ్యాహ్నం షాపుకి ఫోన్ వచ్చింది. "రత్నం, మేనేజర్ వచ్చాడు. ఒక ఉత్తరం చెప్పి కొట్టమన్నాడు. కొట్టాను. మధ్యలో నేను చేసిన తప్పు కార్డు చదివి వినిపిస్తే నేనే దిద్దుకున్నాను. వచ్చే వారం నుంచి పని." వెనక నుంచి సూరమ్మ గారు, "ఎప్పుడొత్తాదో అడుగు, సేపల పులుసు సేత్తాను," అని అరుస్తోంది.

ఆ తర్వాత ఇన్నేళ్లూ ఈ పనిలోనే ఉన్నాను. మనవాళ్ల ఇంటికి వెళ్తే కంప్యూటర్ విప్పకముందే, కొత్త వస్తువుకి పూజ బాగా జరిగిందా అని నవ్వుతూ అడుగుతాను. ఎవరు ముట్టుకున్నారని మాత్రం అడగను. అలా అడిగితే ఇంట్లోవాళ్లు భయపడి నోరు మూసుకుంటారు. ఆ రోజు సూరమ్మ గారు దాచకుండా చెప్పింది కాబట్టే రబ్బరు పెట్టి ఎక్కడ రుద్దాలో నాకు తెలిసింది.