ప్రింట్ లైన్లు పెట్టిన మూడు దినాలు

నాకు మిషన్ల మీద కోపం లేదు. కోపమంతా నా నోటి మీదనే.

తొంభైల ఆఖర్లో హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో చేసేవాణ్ణి. రెండు ప్రాసెసర్లుండే మిషన్‌కి మేమే ఆపరేటింగ్ సిస్టమ్ మార్చి ఇచ్చేవాళ్లం. అందులో మెమరీ చూసుకునే భాగం నేను రాసింది. ఆత్మకూరులో భూముల రికార్డులు ఎక్కించే ప్రైవేటు సెంటరు ఒకటి ఆ మిషన్ తీసుకునింది. నెల తిరక్కముందే ఫోను. ఒక రైతు సర్వే నంబరు కింద ఇంకొక రైతు పేరు పడతా ఉండాదని. నీది ఉదయగిరే గదా, నువ్వే పోయి చూడు అని నన్ను తోలినారు. దినామూ ఇంట్లో ఇంత సద్ది తిని ఆత్మకూరు బస్సెక్కేవాణ్ణి.

సెంటరులో ఆ తప్పులన్నీ ఒక అమ్మాయి నెత్తిన రుద్దినారు. కలిగిరి నుంచి వచ్చేది. నాయన బడిపంతులు, ఆయన పోయినాక ఇల్లు ఈమె జీతం మీదనే నడస్తా ఉండాది. అందరికంటే రెండింతలు ఎక్కించేది కాబట్టి తప్పులూ ఆమె పేరు మీదనే ఎక్కువ కనపడేవి. పని చేసేవాళ్లకే గదా తిట్లు! మిషన్‌లో తప్పుంటే సరే, లేకుంటే శనివారం నుంచి ఆమె రానక్కరలేదని ఓనరు నా ముందరే తేల్చేసినాడు.

"ప్రతి పేరూ రెండుసార్లు చదివే కొడతానన్నా," అనింది ఆమె నాతో. చూస్తాలేమ్మా అన్నాను.

నాకు మొదటి దినమే అనుమానం తగిలింది. మెమరీలో ఉండేదాన్ని ప్రతి ప్రాసెసరూ ఒక కాపీ తన దగ్గర పెట్టుకుంటాది. క్యాష్ అంటారు దాన్ని. మెమరీలో అసలుది మారితే ఆ పాత కాపీని పారేయాల. బస్సు టైము మారిందని అన్నకు చెప్పి తమ్ముడికి చెప్పకపోతే, తమ్ముడు పాత టైముకే పోయి నిలబడతాడు గదా, అట్ల. మా మిషన్‌లో ఆ చెప్పే పని ఆపరేటింగ్ సిస్టమ్‌ది. అంటే నాది. వేల లైన్లలో ఎక్కడో రెండో ప్రాసెసరుకు చెప్పడం మర్చిపోయినాను. ఎక్కడో తెలీలేదు.

పట్టుకుందామని ప్రోగ్రామంతా ప్రింట్ లైన్లు పెట్టినాను, మెమరీలో ఏ ముక్క ఏ ప్రాసెసరుకు పోతా ఉండాదో స్క్రీన్ మీద పడేటట్టు. ఆ అమ్మాయి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. బుధవారం, గురువారం, శుక్రవారం. ఒక్క తప్పు కూడా రాలేదు.

శుక్రవారం సాయంత్రం ఓనరు అడిగినాడు. నాకింకా తెలీలేదు సార్ అంటే సరిపోయేది. పట్నం నుంచి వచ్చిన ఇంజనీరుకి ఆ మాట అనను నామోషీ. మిషన్‌లో ఏమీ కనపడలేదు సార్ అన్నాను. "చూసినావా, పక్కన మనిషి ఉంటే ఎంత బాగా కొడతా ఉండాదో," అన్నాడు ఆయన. శనివారం ఆమె రాలేదు.

సోమవారం ప్రింట్ లైన్లు తీసేసినాను. మధ్యాహ్నానికల్లా తప్పు పేరు పడింది, ఇంకొక అమ్మాయి కొట్టిన రికార్డులో. ప్రింట్ చేసే ఆలస్యంలో వేరేవి వచ్చి క్యాష్ నిండి, పాత కాపీ దానంతటదే పోతా ఉండింది. తప్పును పట్టుకోను నేను పెట్టిన లైన్లే దాన్ని దాచిపెట్టినాయి.

ప్రోగ్రామంతా కాగితాల మీద అచ్చేసిన లిస్టింగు ఇంటికి తెచ్చుకుని, నాయన కొయ్య గరిటెలు చెక్కే వసారాలో నాలుగు దినాలు చదివినాను. దొరికింది. ఒక్క లైను రాస్తే సరిపోయింది. ఆ లైను చూసుకుంటే నాకు సంతోషం లేదు, ఏడుపొచ్చింది. ఓనరు దగ్గరికి పోయి తప్పు నాదే అని చెప్పినాను. ఆమె చోట్లో వేరే మనిషిని పెట్టేసినాడంట. నువ్వే గదయ్యా ఏమీ లేదంటివి అన్నాడు.

కలిగిరి పోయినాను. ఆమె వాకిట్లోనే నిలబడి అంతా వినింది. క్యాష్ అంటే ఏందో కూడా చెప్పినాను, సిగ్గులేకుండా.

"మూడు దినాలు నా పక్కనే కూర్చొని చూస్తిరి కదన్నా," అనింది. "మీకు గూడా నమ్మకం లేకపాయ."

నమ్మకం లేక కాదు. ఆమె తప్పు లేదని నాకు మొదటి దినం నుంచీ తెలుసు. ఆ మాట చెప్తే ఇంకా అన్యాయమని, చెప్పకుండానే బస్సెక్కినాను.