దీనమ్మక్క పట్టుకున్న చెయ్యి

నిన్న పొద్దున కరెంటు లేక గీజరు పనిచేయలేదు. పక్కింటి అమ్మాయి పెరట్లో మూడు రాళ్ళ మధ్య కట్టెలు ఎగదోసి నీళ్ళు కాచి, బకెట్ తెచ్చి స్నానాల గదిలో పెట్టింది. వేడి ఎంతుందో చూద్దామని ఒక చెంబు ముంచి కుడి మణికట్టు మీద పోసుకున్నాను. నీళ్ళకు పొగ వాసన ఉంది. ఆ వాసన ముక్కుకు తగలగానే, నా వెనక ఎవరో నిలబడి "జర చల్లార్చు" అన్నట్టయింది. వెనక్కి తిరిగి చూడలేదు. ఎనభై దాటిన మనిషిని, అక్కడ ఎవరూ ఉండరని నాకు తెలుసు. ఉంటే ఎవరుంటారో కూడా తెలుసు.

చండ్రుగొండ దాటాక అడవి మొదలయ్యే చోట ఉండేది మా క్రైస్తవ వాడ. కొన్ని ఇళ్ళు, ఒక చర్చి, దాని వెనక సమాధులు, సమాధుల వెనక టేకు చెట్లు. వేంసూరు వైపు నుంచి లెక్కల టీచరుగా అక్కడికి వెళ్ళి, పెళ్ళి చేసుకోకుండా అక్కడే ఉండిపోయాను. మా అమ్మ నాతోనే ఉండేది. దీనమ్మక్క నాకంటే పెద్దది. ఎంత పెద్దదో ఆమెకే తెలియదు. తేదీ లేని సంగతిని సంగతిగా ఒప్పుకోని స్వభావం నాది కాబట్టి, అది నన్ను చాలాకాలం ఇబ్బంది పెట్టింది. ఆమె భర్త కొత్తగూడెం వైపు బొగ్గుబావిలో పైకప్పు కూలి చనిపోయాడు. ఆ శరీరాన్ని ముట్టుకోవడానికి ఎవరూ ముందుకు రాకపోతే ఆమే కడిగి, బట్టలు తొడిగి పంపింది. అప్పటి నుంచి వాడలో ఏ ఆడమనిషి చనిపోయినా, స్నానం చేయించడానికి కబురు ఆమెకే వెళ్ళేది.

1983 ఫిబ్రవరి 6, ఆదివారం, ఆరాధన జరుగుతుండగా మా అమ్మ పోయింది. దీనమ్మక్క వచ్చి కొంగు నడుముకు దోపుకుని నీళ్ళు తెమ్మంది. నేను కడవలోంచి చన్నీళ్ళు ముంచి తెచ్చాను.

"ఇవేం నీళ్ళు టీచరమ్మా?"

"ఇప్పుడు ఏ నీళ్ళయితే ఏమక్కా?"

"పోయినోళ్ళకు చలి తెల్వదని నీకెవరు చెప్పిన్రు? ఏ లెక్కల పుస్తకంల ఉన్నది గది?"

కట్టెల పొయ్యి మీద కాచి తెచ్చాను. చెయ్యి తిప్పమంది. నన్ను ముట్టుకోకుండా, చెంబు పైకెత్తి నా మణికట్టు లోపలివైపు సన్నగా పోసింది. "కాల్తున్నయా?" అంది. కొంచెం అన్నాను. "అయితే మళ్ళ కలుపు. పసిపిల్లకు పోస్తే ఏడ్వనట్టు ఉండాలె." మళ్ళీ కలిపాను, మళ్ళీ పోసింది. చివరికి సరే అంది. ఆ నీళ్ళు నుదుటి మీద పడినప్పుడు అమ్మ ముఖం కాస్త వదులైనట్టు కనిపించింది. నేను అలాంటివి చూసే మనిషిని కాను. ఆ రోజు చూశాను.

తర్వాత నేనే ఆమెకు తోడు వెళ్ళడం మొదలుపెట్టాను. నీళ్ళు చూడటం నా పని. ప్రతిసారీ అదే చోట, కుడి మణికట్టు లోపలివైపు పోసుకుని చూసేదాన్ని. ఆమె మాత్రం పోయినవాళ్ళతో మాట్లాడుతూనే ఉండేది. "అమ్మా సువార్తమ్మా, ఇప్పుడు ఎడమ చెయ్యి లేపుతున్న. భయపడకు." చెప్పకుండా ఎవరినీ ముట్టుకోకూడదని ఆమె నియమం. నన్ను కూడా అలాగే చెప్పమనేది. మొదట సిగ్గేసింది. తర్వాత, చెప్పకపోతే గదిలో ఎవరో నొచ్చుకుంటారేమో అనిపించేది. లెక్క తప్పిన పిల్లల మీద చెయ్యి చేసుకోవడం ఆ ఏడే మానేశాను. కారణం పిల్లలకు చెప్పలేదు. చెబితే జడుసుకునేవారు.

మా చర్చిలో ఆరాధన అయ్యాక ఒకరి చేయి ఒకరు పట్టుకుని వందనాలు చెప్పుకుంటారు. దీనమ్మక్క చేయి ఎవరూ పట్టుకునేవారు కాదు. ఆమె పట్టుకుంటే, ఆ మనిషి ఇంకెన్నాళ్ళుంటాడో ఆమెకు తెలిసిపోతుందని వాడలో నమ్మకం. ఆమె కూడా ఎవరికీ చేయి చాపేది కాదు. రెండు చేతులూ కొంగు కింద పెట్టుకుని తలుపు పక్కన నిలబడేది. నీకు బాధ లేదా అక్కా అని ఒకసారి అడిగాను. "ఎందుకు బాధ? బస్సుల నా పక్క సీటు ఎప్పుడు ఖాళీనే. కాళ్ళు చాపుకొని పోత" అని నవ్వింది.

2004 ఆగస్టు 9, సోమవారం, తెల్లవారుతుండగా నాకు నొప్పితో మెలకువ వచ్చింది. అప్పటికి నేను రిటైరై ఏడాది దాటింది. బయట ముసురు. కుడి మణికట్టును ఎవరో పట్టుకుని ఉన్నారు. పోలిక కోసం చెబుతున్న మాట కాదు ఇది. బొటనవేలు ఒకవైపు, నాలుగు వేళ్ళు ఇంకోవైపు, ఏ వేలికి ఆ వేలు విడిగా తెలుస్తోంది. లైటు వేసి చూశాను. వాపు లేదు, ఎరుపు లేదు, గీత కూడా లేదు. పట్టు మాత్రం అలాగే ఉంది. బాగా తెల్లవారాక వదిలింది. మర్నాడు అదే వేళకు మళ్ళీ వచ్చింది.

నా భయానికి ఒక కారణం ఉంది. నా తోడబుట్టిన అక్కకు మోకాలి నొప్పి ఇలాగే, దెబ్బా వాపూ లేకుండా మొదలైంది. ఎముకలో గడ్డ అన్నారు. కాలు తీసేశారు. అయినా ఆమె ఏడాది బతకలేదు. అందుకే నేను ఆలస్యం చేయకుండా ఖమ్మం వెళ్ళాను. డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఎముకలో ఇక్కడ నీడలాగా కనిపిస్తోందమ్మా. గడ్డ కావచ్చు, కాకపోవచ్చు. హైదరాబాదులో సూదితో ముక్క తీసి పరీక్ష చేస్తే గానీ చెప్పలేం."

"గడ్డ కాకపోతే మరేమిటండీ?"

"అది కూడా పరీక్షలోనే తేలాలి."

ఆ నీడను వెంటబెట్టుకుని ఇంటికి వచ్చాను. పక్కింటి మార్తమ్మ నా చేయి చూసి రెండడుగులు వెనక్కి వేసింది. "నీళ్ళు పోసుకొని చూసేది గాడనే గదా టీచరమ్మా? ఎవరో ఇడుస్తలేరు నిన్ను. పాస్టరుగారిని పిలిచి ప్రార్థన చేయించు." నేను ఆమెను కసిరాను. కానీ ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకుని, ఇన్నేళ్ళలో మేము స్నానం చేయించిన ఆడవాళ్ళను ఒక్కొక్కరినే గుర్తు చేసుకుంటూ కూర్చున్నాను. ఎవరి వేళ్ళు పొడుగు, ఎవరివి పొట్టి, ఎవరి బొటనవేలు వంకర. అందరి చేతులూ గుర్తున్నాయి. ఏ ఒక్కటీ సరిపోలేదు. సరిపోకపోవడంతో ఇంకా భయం వేసింది.

ఆ సాయంత్రం దీనమ్మక్క దగ్గరికి వెళ్ళాను. వాకిట్లో చేటలో బియ్యం చెరుగుతోంది. అంతా చెప్పి చేయి చాపాను.

"ఒక్కసారి పట్టుకుని చూడక్కా. ఏదైతే అదే చెప్పు."

చేట కింద పెట్టింది. చేతులు కొంగు కిందికి వెళ్ళిపోయాయి. "నాకేం తెల్వదు."

"తెలుస్తుందని అందరూ అంటారు."

"అందరంటే నువ్వు గూడ అంటవా? సదివిందంత ఏం చేసినవ్?"

"భయమేస్తోందక్కా."

ఆమె నా వైపు చూడలేదు. చేతి వైపు చూసింది. చూసి, ముఖం అడవి వైపు తిప్పుకుంది. "పో టీచరమ్మా. ఇంటికి పో."

నాకు కావలసిన జవాబు దొరికిందనుకున్నాను. ఏమీ లేకపోతే పట్టుకునేది కదా. చూడగానే తెలిసింది కాబట్టే ముట్టుకోలేదు. ఆ రోజు నుంచి హైదరాబాదు మాట ఎత్తలేదు. మా అక్క కాలు తీయించుకుని పోయినట్టు నేను చేయి తీయించుకుని పోవడం కంటే, చేయితోనే పోతే మేలనుకున్నాను. పెట్టెలోంచి తెల్ల చీర తీసి, ఉతికి ఆరేసి, మడత పెట్టి మంచం మీద ఉంచాను. దాని పక్కన పౌడరు డబ్బా, దువ్వెన, బైబిలు పెట్టాను. నా నీళ్ళ వేడి ఎవరు చూస్తారన్నదే ఎటూ తేలలేదు.

వారం గడిచాక ఒక ఉదయం దీనమ్మక్క వచ్చింది. మార్తమ్మ చెప్పి ఉంటుంది. గడపలో నిలబడి మంచం వైపు చూసింది.

"ఎవరికి గిది?"

"నాకే."

"పెద్ద దవాఖానాకు పోకముందే ఎవరు చెప్పిన్రు నీకు?"

"నువ్వే చెప్పావు. పట్టుకోలేదుగా."

ఆమె గడప మీద కూలబడింది. తర్వాత, నాకు అంతవరకూ తెలియని సంగతి చెప్పింది. భర్త పోయిన నెలకే ఆమె ఐదేళ్ళ కూతురికి జ్వరం వచ్చిందట. పొద్దుటి నుంచి పాప చేయి పట్టుకుని కూర్చుందట. పొద్దు వాలేసరికి ఆ చేయి చల్లబడిందట.

"పట్టుకుంటే తెలుస్తదని వాడోళ్ళు అనుకున్నరు. నేను పట్టుకుంటేనే పోతరని నేను అనుకున్న. గందుకే పానమున్నోళ్ళను ముట్టుకుంటలేను. నిన్నెట్ల ముట్టుకుంట? నాకున్నది నువ్వొక్కదానివి."

ఆమె లేచి, తెల్ల చీరను మళ్ళీ పెట్టెలో పడేసి మూత వేసింది. "టీచరమ్మా, ఇప్పుడు నీ కుడి చెయ్యి పట్టుకుంటున్న. భయపడకు" అంది. భయపడింది ఆమే. అయినా పట్టుకుంది.

నేను ఆ క్షణం గురించి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. బొటనవేలు ఒకవైపు, నాలుగు వేళ్ళు ఇంకోవైపు. తెల్లవారుజామున నన్ను పట్టుకునే వేళ్ళు ఎక్కడెక్కడ ఆనేవో, ఆమె వేళ్ళు సరిగ్గా అక్కడే ఆనాయి. వెంట్రుకవాసి తేడా లేదు. అయితే ఆ పట్టు చల్లగా ఉండేది. ఆమె చేయి వేడిగా, పొడిగా, గరుకుగా ఉంది. "నడువ్. జల్దీ. బస్సుకు టైమైతంది" అంది.

కొత్తగూడెంలో హైదరాబాదు బస్సు ఎక్కాము. దారి పొడవునా ఆమె చేయి వదల్లేదు. ఖమ్మం స్టాండులో కండక్టరు నవ్వాడు. "ఏంది పెద్దమ్మా, ఆమె పారిపోతదా ఏంది?"

"అవ్. పారిపోదామనే చూసింది. నువ్వు టికెట్ కొట్టు."

పరీక్షలయ్యాయి. ఫలితం వచ్చేదాకా ఆసుపత్రి దగ్గర ఒక గది కిరాయికి తీసుకుని ఉన్నాము. ఫలితం చెప్పిన రోజు పెద్ద డాక్టరు రెండు ఫిల్ములనూ పక్కపక్కన పెట్టి చూపించాడు. కొత్త దానిలో నీడ లేదు. ముక్కలో చెడ్డదేమీ కనబడలేదు, ప్రాణభయం లేదు అన్నాడు. మరి నొప్పి ఎందుకని అడిగాను. "కారణం దొరకలేదమ్మా. కొన్ని నొప్పులు అంతే" అన్నాడు. జవాబు లేని లెక్కను పిల్లలకు ఎన్నడూ ఇచ్చినదాన్ని కాను. దీనమ్మక్క మాత్రం డాక్టరు అన్నది సగమే విన్నది. "అంటే పోదన్నట్టే గదా సారూ?" అని రెండుసార్లు అడిగింది. పోదు అన్నాక గోడకు ఆనుకుని నిలబడి, తన చేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకుంది.

ఆ ఆదివారం ఆరాధన కాగానే తలుపు దగ్గరికి వెళ్ళి అందరి ముందూ ఆమె చేయి పట్టుకున్నాను. నా వెనక ఎవరూ రాలేదు, చూపు మందగించిన ముసలి యాకోబు తాత తప్ప. ఆయన తడుముకుంటూ వచ్చి ఆమె చేయి అందుకున్నాడు. "ఎవరు బిడ్డా నువ్వు? గింత గరుకున్నది చెయ్యి!" అన్నాడు. "నేనే మామా, దీనమ్మను" అంది. ఆయన వదలలేదు. వదలకుండానే, ఆ మధ్యాహ్నం కోడి కూరకు తనను ఎవరింటికి పిలిచారో అడిగాడు. యాకోబు తాత ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. వాడ అది గమనించింది.

నొప్పి మాత్రం పోలేదు. కొన్ని తెల్లవారుజాముల్లో వచ్చేది, కొన్ని రోజులు వచ్చేది కాదు. అది వచ్చిన రోజులకూ వాడలో మరణాలకూ పొంతన ఉందేమో చూశాను. కొన్ని కలిశాయి, చాలా కలవలేదు. ఉందని రుజువు చేయలేను, లేదని కూడా చేయలేను.

2008 జనవరి 17, గురువారం, దీనమ్మక్క నిద్రలోనే పోయింది. స్నానం నేనే చేయించాను. మార్తమ్మ వచ్చి నీళ్ళు అందించింది. అక్క వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి. ఒక్కొక్కటే విప్పి కడిగాను. మర్నాడు తెల్లవారుజామున నొప్పి రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. ఇక పోయిందని సంతోషించవలసినదాన్ని, చీకట్లో మెలకువగా పడుకుని, చేయి దుప్పటి మీద పెట్టి ఎదురుచూసేదాన్ని. ఇల్లు చాలా పెద్దదిగా అనిపించేది. నాలుగో రోజు కోడి కూయకముందు పట్టు వచ్చింది. ఈసారి చల్లగా లేదు.

ఇప్పటికీ వస్తుంది. డాక్టర్లు మారారు, యంత్రాలు మారాయి, కారణం ఎవరికీ దొరకలేదు. ఒంటరిగా ఉంటాను కదా అని జాలిపడి బలమైన మాత్రలు రాసిస్తారు. తెచ్చి కిటికీలో పెడతాను. అవి వేసుకుంటే తెల్లవారుజామున మెలకువ రాదు.