మూడోవాడి బరువు

మా తెల్లాపూర్ అపార్ట్‌మెంటులో పొద్దున తొమ్మిదింటికి లిఫ్టు ఎక్కడమే ఒక పరీక్ష. మొన్న బరువెక్కువై అది కూత పెట్టగానే, ఆఫీసు బ్యాగులతో కిక్కిరిసి నిలబడ్డ వాళ్లంతా ఫోన్లలోకి తలలు దించుకున్నారు. చివర ఎక్కింది నేనే కాబట్టి దిగాల్సిందీ నేనే, కానీ ఊరికే దిగిపోతే నా పరువేం కాను? యుద్ధంలో, మంచుకొండల మీద, నలుగురు పట్టే హెలికాప్టర్లో ఆరుగురు గాయపడ్డ జవాన్లను ఎక్కించుకుని ఎగిరినవాణ్ణి, అది ఒక్కసారైనా ఇలా మూలగలేదు అని చెప్పి మరీ దిగాను.

"ఆరుగురా అంకుల్? ఒళ్లో కూర్చోబెట్టుకున్నారా?" అన్నాడు పై అంతస్తు కుర్రాడు. తలుపు మూసుకుంది.

ఆరుగురు కాదు, ఇద్దరే. ఇది లిఫ్టులో చెప్పే మాట కాదు గనుక, నా ఈడు వాళ్లయిన మీ కోసం ఇలా రాస్తున్నాను.

అంత ఎత్తున గాలి పలచన, రెక్కలకు పట్టు దొరకదు. అందుకని వెనక సీట్లూ తలుపులూ పీకేసి, తిరిగి రావడానికి చాలినంత ఇంధనమే పోసుకుని, నేనూ నా పక్క పైలటూ వెళ్లేవాళ్లం. మనిషి కనబడితే ముఖం కంటే ముందు, బూట్లతో సహా ఎన్ని కిలోలున్నాడన్నదే నా కంటికి ఆనేది. ఆ మధ్యాహ్నం గట్టు మీద ముగ్గురున్నారు. ఇద్దర్ని పడుకోబెట్టాం. కాలికి కట్టుతో మూడోవాడూ ఎక్కాడు. యంత్రం వణికింది కానీ లేవలేదు. అతనే సంగతి గ్రహించి, మీరు వెళ్లండన్నట్టు చేయి ఊపి దిగిపోయాడు. అరగంటలో వస్తానన్నాను. ఈలోగా మబ్బు కమ్మేసింది.

మర్నాడు పొద్దున వెళ్లేసరికి ఒక బండకు ఆనుకుని, చేతి తొడుగులు తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చునే ఉన్నాడు, ప్రాణం లేదు. ఎక్కించుకున్నాం. యంత్రం హాయిగా లేచింది. నాకు ఏడుపు రాలేదు, ఆకలి వేసింది. కిందికి వచ్చాక నాలుగు పూరీలు తిన్నాను.

తర్వాత సెలవు మీద నార్సింగిలో మా ఇంటికి వచ్చినప్పుడు, అమ్మ దిష్టి తీసింది, చుట్టాలు చుట్టూ చేరారు, నేనింకా చూడని ఎనిమిది నెలల కూతుర్ని నా భార్య నా చేతుల్లో పెట్టింది. ఏడు కిలోల ఎనిమిది వందలు, అన్నాను. అందరూ నవ్వారు. నా భార్య మాత్రం నవ్వకుండా పిల్లను వెనక్కి తీసుకుంది.

పొలాల మధ్య ఊరైన ఆ నార్సింగిలో ఇప్పుడు మా చేను ఏ మేడ కింద ఉందో నేనే చూపించలేను. మనుషుల్ని తూచే అలవాటు కూడా ఎప్పుడు పోయిందో పోయింది, ఎవరు ఎదురైనా ముఖమే కనిపిస్తుంది, అతని ముఖం మాత్రం ఎంత తలచుకున్నా రాదు. తనంతట తానే దిగాడన్నదొక్కటే ఇన్నేళ్లూ నాకున్న ఊరట.

ఇంతవరకు రాసి, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న నా భార్యకు చదివి వినిపించాను. ఆమె తలెత్తలేదు.

"ఎందుకు గిట్ల రాస్తరు? ఇంటికొచ్చిన నాడు నాకేం చెప్పిండ్రు? ఆ మూడో ఆయన తనంతట తాను దిగలేదు. హెలికాప్టర్ల కమ్మి పట్టుకొని ఇడువకుంటే, పక్క పైలట్‌తోని చేతులు ఊడదీయించి కిందికి దింపిండ్రు."