తలకిందుల విమానం, బాపు ప్రశ్న

కంప్యూటర్ గదిలోకి చెప్పులు విప్పి వెళ్లే కాలం అది. మా ఇళ్లలో మనుషులకు లేని ఏసీ దానికి ఉండేది. సూరత్‌కు వలసొచ్చిన మావాళ్లంతా లింబాయత్ పేటలో మరమగ్గాలు నడిపేవాళ్లు (మేం వాటిని సాంచెలు అంటాం). నేను మాత్రం డిగ్రీ అయ్యాక తాపీ నది అవతల, అడాజన్‌లో ఒక కంప్యూటర్ క్లాసులో పంతులుగా చేరాను. పంతులంటే పెద్దగా ఊహించుకోకండి, పిల్లలకంటే ఒక పాఠం ముందుండేవాణ్ని, అంతే. కూర్చుని మీటలు నొక్కితే అదేం పనని మా బాపు (నాన్నను అలాగే పిలిచేవాణ్ని) బాధ. ఆదివారం వచ్చి కళ్లారా చూస్తానని, పనిలా కనిపించకపోతే సోమవారం నుంచి సాంచెల దగ్గరికి రావాల్సిందేనని తేల్చి చెప్పాడు.

ఆదివారాల్లో మా క్లాసు యజమాని (అందరం కాకా అని పిలిచేవాళ్లం) పిల్లల్ని చేర్పించాలనుకునే తల్లిదండ్రుల్ని పిలిచి, నాచేత సిమ్యులేటర్‌లో యుద్ధవిమానం నడిపించేవాడు. పాఠాలు చూపిస్తే ఎవరూ చేరరని ఆయన అనుభవం. లేవడం, తిరగడం, దిగడం నాకు బాగానే వచ్చు. కానీ ఆ రోజు బాపు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి మొదటి వరుసలో కూర్చునేసరికి నాకు ఏదో పూనింది. విమానాన్ని వెల్లకిలా తిప్పి, అలాగే ఉంచేశాను. ఆకాశం కిందికి, సముద్రం పైకి వచ్చాయి. జనం ఓహో అన్నారు. ఓహో అన్నాక మనిషన్నవాడు ఆగుతాడా? దాన్ని అలాగే పోనిస్తూ, తీరిగ్గా కాలర్ సర్దుకున్నాను. అప్పుడే ఇంజను చప్పుడు ఆగిపోయింది.

స్టార్టు మీట నొక్కాను, మళ్లీ నొక్కాను. ఊహూఁ. తెరమీది ముల్లు చూస్తే ట్యాంకు నిండుగానే ఉంది. విమానం కిందికి జారుతోంది, దాంతోపాటు నా కొలువూ. బాపు కుర్చీలో ముందుకు వంగాడు.

"సాంచె ఆగితె, నడిపెటోడు ఎందుకాగిందో చెప్పాలె. గిదెందుకాగింది?"

కరెంటు అన్నాను. బాపు తలెత్తి, వెలుగుతున్న ట్యూబులైటు వంక చూశాడు.

ఈలోగా కాకా పరిగెత్తుకొచ్చాడు. ఆయన స్కూటర్ పొద్దున్నే పక్కకు వంచితే తప్ప స్టార్టయ్యేది కాదు. లోకంలో ఏ ఇంజను ఆగినా మందు అదేనని ఆయన నమ్మకం. వచ్చీ రాగానే కంప్యూటర్ పెట్టెను రెండు చేతులా పట్టుకుని పక్కకు వంచబోయాడు. తీగ ఊడితే మొత్తం ఆరిపోతుందని నేను ఆయన చేతులు పట్టుకున్నాను. ఆ పెనుగులాటలో నాకు వెలిగింది, వంచాల్సింది పెట్టెను కాదు, విమానాన్ని. తలకిందులైతే ట్యాంకులో ఇంధనం పైకప్పు వైపు చేరుతుంది, అడుగునున్న గొట్టం గాలి పీలుస్తుంది. కాకాను మోచేత్తో ఆపి విమానాన్ని మామూలుగా తిప్పి మీట నొక్కాను. సముద్రాన్ని తాకబోతుండగా ఇంజను అందుకుంది. (తలకిందులైనా కాసేపు నడవడానికి యుద్ధవిమానాల్లో విడిగా ఓ చిన్న తొట్టి ఉంటుందని తర్వాత చదివాను. అది ఖాళీ అయ్యేదాకా నేను కాలర్ సర్దుకుంటూ కూర్చున్నానన్నమాట.)

నీళ్ల సీసా తిరగేసి చూపిస్తూ బాపుకు అంతా వివరించాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"ఎందుకాగిందో చెప్పినవ్, మంచిగుంది. మరి దాన్ని తలకిందులు చెయ్యమన్నదెవలు?"

ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, జర తననూ పట్టుకోనిమ్మన్నాడు. స్టిక్కు చేతికిచ్చాను. ఇక చూడండి, కుడికీ ఎడమకీ ఇంచుకైనా వంచకుండా, ఊపిరి బిగబట్టి, సముద్రం మీద ఒకటే పోత. జనమంతా వెళ్లిపోయారు, కాకా తాళంచెవులు గలగలలాడించాడు, బాపు దింపలేదు. (దింపడం ఎలాగో నేను చెబుతూనే ఉన్నాను.)

ఇంటికెళ్లి చెప్పులైనా విప్పకముందే, తను విమానం నడిపిన సంగతి మా అవ్వకు (అంటే అమ్మకు) చెప్పాడు. కొడుకు తలకిందులు చేస్తే ఆగిందట, తను నడిపితే ఒక్కసారీ ఆగలేదట. నేను సాంచెల సంగతేమంటాడోనని గుమ్మంలోనే నిలబడ్డాను. ఆయన నావైపు చూడకుండానే అన్నాడు:

"అడాజన్ దూరముంది. రేపటిసంది వానికి పొద్దుగాల్నే సద్ది కట్టు."

ఆ రాత్రి అన్నం ఎంత తిన్నానో నాకే తెలీదు. ఇప్పుడు నాకు బాపు అప్పటి వయసు వచ్చేసింది. అప్పుడప్పుడు సిమ్యులేటర్ తెరుస్తాను. వెల్లకిలా తిప్పాలని చెయ్యి దురదపెడుతుంది కానీ, ఓహో అనడానికి జనం లేరు, ఎందుకాగిందని అడగడానికి బాపూ లేడు. సముద్రం మీద సమంగా పోనిస్తూ, నాలో నేనే నవ్వుకుంటాను.