సరోజ మేడం తెరిచిన దారి

సర్వర్ గదిలో యూపీఎస్ కూత పెట్టిందంటే ఏది ఆగిపోతుందోనని ఇప్పటికీ నాకు భయమే. మొన్న కరెంటు పోయి ఆ కూత వినిపించగానే సరోజ మేడం గుర్తొచ్చారు. కరీంనగర్‌లో నేను ఉద్యోగంలో చేరిన ఆసుపత్రిలో నెట్‌వర్క్ బాధ్యత ఆమెదే.

ఆమెది జగిత్యాల వైపు ఊరు. మాట నెమ్మది, భయం ఎక్కువ. బయటి నుంచి వచ్చే ప్రతి ఫైలునూ నెట్‌వర్క్‌కు కాపలా కాసే ఫైర్‌వాల్ విప్పి చూశాకే లోపలికి వదలాలని పట్టుబట్టేవారు. దాంతో అన్నీ ఆలస్యమయ్యేవి, అందరూ విసుక్కునేవారు. "జల్ది రావాలె, భద్రంగ రావాలె. రెండూ గావాలంటే రోజూ పరేషానే స్వప్నా," అని నాతో అనేవారు.

ఒక మధ్యాహ్నం మా ఆదిలాబాద్ శాఖకు ట్రాక్టర్ మీంచి పడ్డ రైతును తీసుకొచ్చారు. తల స్కాన్ అక్కడే తీశారు గానీ, దాన్ని చూసి చెప్పాల్సిన మెదడు డాక్టర్ కరీంనగర్‌లో ఉన్నారు. నెట్‌వర్క్‌లో మాకు పంపుతున్న ఆ స్కాన్ బొమ్మలు పెద్ద ఫైళ్లు. ఫైర్‌వాల్ ఒక్కొక్కదాన్నే తనిఖీ చేస్తుంటే తెర మీద ఎంత వచ్చిందో చూపే గీత కదలనట్టే ఉంది. డాక్టర్ ఆగలేక మా గదికే వచ్చేశారు.

"పేషెంట్‌కు మాట పడిపోతున్నదట. గా ఫైర్‌వాల్ బంద్ చేయుండ్రి మేడం."

నా చెయ్యి కీబోర్డు మీదికి పోయింది. మేడం నా మణికట్టు పట్టుకున్నారు.

"మొత్తం బంద్ జేస్తే వార్డులల్ల ఉన్న మిషన్లన్నీ బజార్ల పడ్తయి సార్, వైరస్ ఏదన్న జొరబడొచ్చు. జర ఆగుండ్రి."

"ఆగే టైం లేదు."

"ఎరుకే సార్."

మేడం డాక్టర్ గదిలోని ఒక్క కంప్యూటర్‌ను మిగతావాటి నుంచి విడదీసి, ఆదిలాబాద్ స్కాన్ యంత్రం నుంచి దానికి మాత్రమే తనిఖీ లేని దారి ఇచ్చారు. టైపు చేస్తున్నంతసేపూ "అంజన్నా, అంజన్నా" అని దేవుణ్ని తలుచుకుంటూనే ఉన్నారు. బొమ్మలు వచ్చాయి. రక్తం ఎక్కడ గడ్డకట్టిందో డాక్టర్ అక్కడి సర్జన్‌కు ఫోన్‌లో చెప్పారు. ఆపరేషన్ మొదలైందని తెలిసి నేను లేచాను. మేడం కదల్లేదు.

"అయిపోయింది గద మేడం, తిందాం రాండ్రి."

"ఆపరేషన్ అయినంక ఇంకో స్కాన్ వస్తదట. దర్వాజ నేనే తెరిసిన. మూసేదాక నేనే కావలుండాలె. నువ్వు తిని రా."

రైతు బతికాడు. కుడిచెయ్యి మాత్రం పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. ఆలస్యం వల్లేనా అంటే డాక్టర్ కూడా చెప్పలేకపోయారు. ఆ మాట విన్న మర్నాటి నుంచి మేడం ఒక్కో వార్డుకూ వెళ్లి, ఏది ఆగకూడదో అడగడం మొదలుపెట్టారు. అలాంటివాటికి ముందే వేరే దార్లు వేశారు, వాటికి కాపలా పెట్టారు. "పానం మీదికొచ్చినంక అడుగుతే అందరం భయంతోనే చెప్తం. ముందుగల్ల అడగాల్సింది నేను," అన్నారు.

తర్వాత ఆమె నిజామాబాద్‌కు మారిపోయారు. ఇప్పుడు ఆ పని నేను చూస్తున్నాను. కొత్త విభాగం వస్తే కేబుల్ వేయకముందే అక్కడి నర్సుల దగ్గర కూర్చుంటాను. "ఇక్కడ ఏది ఆగుతే మీకు భయం?" అని అడుగుతాను. వాళ్లు చెప్తారు. అందరినీ అడిగానా, ఎవరినైనా మరిచానా అనుకుంటూనే ఇంటికి వెళ్తాను.